మాస్ లాండింగ్‌లో సాయంత్రం బోటెక్కి తిమింగలాలు చూసొచ్చాం

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉండేవాళ్ళకి ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే తిప్పే లిస్టు ఒకటి రెడీగా ఉంటుంది కదా, గోల్డెన్ గేట్, లివర్‌మోర్ గుడి, కాస్ట్‌కో. అందులో తిమింగలాల బోటు ఎందుకుండదో నాకర్థం కాదు, నన్నడిగితే ముందు దాన్నే పెట్టాలి.

ఆగస్టులో అమ్మ వచ్చినప్పుడు మాంటెరే బే ఒడ్డున ఉన్న మాస్ లాండింగ్ అనే చిన్న రేవు ఊరి నుంచి సాయంత్రం ట్రిప్ బుక్ చేశాం. మాంటెరే వార్ఫ్ నుంచీ బోట్లున్నాయి గానీ నాకు ఇదే నయం అనిపించింది, ఎందుకంటే మాంటెరే కాన్యన్ అని సముద్రం అడుగున పెద్ద లోయ ఉంది, అది సరిగ్గా ఈ హార్బర్ ముందే మొదలై, పోనుపోను 3 కిలోమీటర్ల పైనే లోతుకి వెళ్తుంది. వేసవిలో వాయవ్యం గాలికి పైనీళ్ళు ఒడ్డు నుంచి దూరంగా పోతే అడుగునుంచి చల్లటి నీళ్ళు పైకొస్తాయి, వాటితో వచ్చే పోషకాలకి ప్లాంక్టన్ (నీళ్ళలో తేలే సూక్ష్మజీవులు) పెరుగుతుంది, దానికోసం క్రిల్ అనే చిన్న రొయ్యల్లాంటివి, ఆంకోవీ చేపలు, వాటికోసం హంప్‌బ్యాక్ తిమింగలాలు. చలికాలం వచ్చేసరికి అవి ఎక్కువగా మెక్సికో, సెంట్రల్ అమెరికా వైపు వెళ్ళిపోతాయి, అప్పుడు ఇటుగా గ్రే వేల్స్ అనే ఇంకో రకం తిమింగలాలు పోతుంటాయి. అంటే ఏ సీజన్‌లో వెళ్ళినా ఏదో ఒకటి దొరుకుతుందన్నమాట.

కాలిఫోర్నియా ఆగస్టు కదా అని నిక్కర్లేసుకుని వచ్చినవాళ్ళు బోటు కదిలిన కాసేపటికే లోపల కేబిన్‌లో ముడుచుకు కూర్చున్నారు. మా అమ్మ మాత్రం స్వెట్టరు, దానిమీద శాలువా, నెత్తిన మంకీ క్యాప్, చేతిలో అల్లం మురబ్బా డబ్బా. మేం కడుపులో తిప్పకుండా డ్రామమిన్ మాత్ర ముందే వేసుకున్నాం, అమ్మ ఆ మాత్ర వద్దంది, మురబ్బాతోనే లాగించింది, చుట్టుపక్కల వాళ్ళక్కూడా పంచింది.

హార్బర్‌లోనే సీ ఆటర్లు (సముద్రపు నీటికుక్కలు) వెల్లకిలా పడుకుని పొట్టమీద ఏదో పెట్టుకుని తింటున్నాయి, పక్కన సీ లయన్ల గోల. అది దాటాక చాలాసేపు ఏమీ లేదు, ఊగడమే. తర్వాత మైకులో గైడు "త్రీ ఓ క్లాక్!" అని అరిచాడు, బోటు ముక్కు 12 గంటలనుకుంటే కుడిపక్క 3 గంటలని లెక్క, అందరూ కుడివైపు పరిగెత్తారు, అమ్మ వాచీ చూసుకుని "ఆరున్నరయింది కదరా, మూడంటాడేంటి" అంది. ఈలోపు దూరంగా నీళ్ళమీద తిమింగలం ఊపిరి తెల్లగా పొగలా లేచింది, ఇంకోటి, మళ్ళీ ఇంకోటి.

కెప్టెన్ 100 గజాల దూరంలోనే ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టేశాడు. ముందు పక్షులు గుంపుగా దిగాయి, తర్వాత నీళ్ళు ఉడుకుతున్నట్టు ఆంకోవీలు పైకి ఎగురుతున్నాయి, సీ లయన్లు దూకుతున్నాయి, అంతలో కిందనుంచి రెండు నోళ్ళు ఒకేసారి తెరుచుకుని పైకొచ్చాయండీ. గొంతు కింద మడతలన్నీ విచ్చుకుని, దవడ మీద గడ్డలు, నోట్లోంచి తప్పించుకుని ఎగిరిపడుతున్న చేపలు కూడా కనపడ్డాయి. మొత్తంగా చూస్తే మన ఆర్టీసీ బస్సు కన్నా పొడుగుంటుంది ఆ జీవి. తర్వాత వాటిలో ఒకటి దానంతటదే బోటు దగ్గరికొచ్చి ఊపిరి వదిలింది, గాలి మా వైపే ఉంది, కుళ్ళిన చేపల కంపు, కళ్ళజోడు నిండా తుంపర. ఈ కంపు గురించి ఎవ్వరూ చెప్పరు, ఫోటోలే పెడతారు. అమ్మ ముక్కు మూసుకుని కూడా రెయిలింగ్ వదల్లేదు.

అది మునిగేటప్పుడు తోక పైకెత్తుతుంది, తోక అడుగున నలుపు తెలుపు మచ్చలు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి, వాటి ఫోటోలు హ్యాపీవేల్ అనే సైట్‌లో పెడితే ఇది ఫలానా తిమింగలం, ఇదివరకు ఫలానా చోట కనిపించింది అని పోల్చి చెప్తారు. 1919లో ఇదే మాస్ లాండింగ్‌లో తిమింగలాల్ని కోసే స్టేషన్ పెట్టారంటే నమ్మబుద్ధి కాదు. ఉత్తర పసిఫిక్‌లో హంప్‌బ్యాక్‌ల వేటని నిషేధించింది 1966లో, ఈ బే మొత్తం సంరక్షణ ప్రాంతమైంది 1992లో, కాబట్టి ఇవాళ మనం చూస్తున్నాం.

ఇక సన్‌సెట్ సంగతి. పొగమంచు మింగేసింది, అడుగున ఒక నారింజ గీత మిగిలిందంతే. ఇక్కడ వేసవి సాయంత్రాలు చాలావరకు ఇంతే, సూర్యాస్తమయం కోసమే అయితే డబ్బులు పెట్టకండి. కానీ ఆ కాస్త వెలుగులోనే చిమ్మిన నీళ్ళు బంగారం రంగులో కనిపించాయి, అది మధ్యాహ్నం ట్రిప్‌లో దొరకదు. ఒకటే ఇబ్బంది, సాయంత్రానికి గాలి లేచి అలలు ఎక్కువుంటాయి, కడుపులో తిప్పేవాళ్ళు పొద్దున ట్రిప్పే బుక్ చేసుకోండి.

దిగాక పార్కింగ్‌లో కారులోనే పులిహోర తిన్నాం. మా ఆవిడ తీసిన వీడియోలో ఎవరిదో జాకెట్ వీపు, అమ్మ "అదిగో అదిగో" అని అరుపులు తప్ప ఇంకేం లేదు. అయినా అమ్మ దాన్నే ఫ్యామిలీ గ్రూపులో పెట్టించింది, మా బాబాయి ఇప్పటికీ అడుగుతున్నాడు, తిమింగలం ఏది వదినా అని.