రెండు ఓడలు, రెండు టార్పెడోలు
నిన్న లివర్‌పూల్ ఆల్బర్ట్ డాక్ దగ్గర లూసిటానియా అనే పాత బ్రిటిష్ ప్రయాణికుల ఓడ ప్రొపెల్లర్ చూశాను, 1982లో సముద్రం అడుగు నుంచి పైకి తీసింది, ఆ చలిలో జేబులోంచి చెయ్యి తీయబుద్ధి కాకపోయినా ఒకసారి రెక్క మీద వేసి చూశాను, మంచుముక్కే. అప్పట్నుంచీ బుర్రలో ఆ ఓడ కెప్టెన్ విలియం టర్నరే తిరుగుతున్నాడు. 1915 మే 7న ఐర్లండ్ తీరం దగ్గర జర్మన్ టార్పెడో తగిలి ఓడ 18 నిమిషాల్లో మునిగింది, దాదాపు 1,200 మంది పోయారు. ఈయన చివరిదాకా ఓడను నడిపించే బ్రిడ్జి మీదే ఉండి, నీళ్లలో కొట్టుకుపోయి ఎలాగో బయటపడ్డాడు. బతికిన పాపానికి అడ్మిరాల్టీ (బ్రిటిష్ నౌకాదళ శాఖ) వాళ్లు తప్పంతా ఆయన మీదికే నెట్టాలని చూశారు! విచారణలో తప్పు లేదని తేలిందనుకోండి. నేనైతే మళ్లీ సముద్రం మొహం చూసేవాణ్ణి కాదు. ఆయన సైనికుల్ని మోసే ఐవర్నియా ఎక్కాడు, 1917 జనవరి 1న గ్రీసు దగ్గర అదీ టార్పెడోకే పోయింది. మళ్లీ బతికాడు.