115 దగ్గర అరగంట

వైరల్ జ్వరం తగ్గి పది రోజులయ్యాక ఛాతీలో నొప్పి మొదలైంది. పడుకుంటే ఎక్కువ, లేచి ముందుకు వంగి కూర్చుంటే కాస్త తక్కువ. రక్తపరీక్షలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) బాగా ఎక్కువ వచ్చింది. యాంజియోగ్రామ్ చేస్తే రక్తనాళాల్లో ఎక్కడా అడ్డు లేదు. చివరికి గుండెకి ఎంఆర్ఐ తీశాక తేలింది, మయోకార్డైటిస్ అని. గుండె కండరానికి వాపు.

"ఆరు నెలలు వ్యాయామం మాట ఎత్తకండి" అన్నారు డాక్టర్ గారు. వాచిన కండరాన్ని శ్రమ పెడితే గుండె లయ తప్పొచ్చు, ఒక్కోసారి ప్రాణం మీదకే రావచ్చు. రోయింగ్ మెషిన్ మీద 2000 మీటర్ల టైములో రెండు సెకన్లు తగ్గించుకోవడానికి నెలల తరబడి తిప్పలు పడిన మనిషిని నేను. ఆ మెషిన్ బట్టలు ఆరేసుకునే స్టాండ్ అయిపోయింది. ఆ ఆరు నెలల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. నడిచాను, పడుకున్నాను, విసుక్కున్నాను.

గడువయ్యాక ఎకో (గుండె స్కాన్), 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకు తిరిగే ఈసీజీ), ట్రెడ్‌మిల్ పరీక్ష చేశారు. మూడూ బాగానే వచ్చాయి. "మొదలుపెట్టండి. కానీ పల్స్ 115 దాటొద్దు" అన్నారు. 220 లోంచి వయసు తీసేస్తే వచ్చేది గరిష్ఠ పల్స్ అంటారు, అలా చూస్తే చాలా ఎక్కువ రావాలి కదండీ అని లెక్క చెప్పబోయాను. ఆయన పూర్తిగా విననే లేదు. "మీరు బీటా బ్లాకర్ వాడుతున్నారు. అది పల్స్‌ని పైకి వెళ్లనివ్వదు. ఆ లెక్క మీకు పనికిరాదు. నేను మీ ట్రెడ్‌మిల్ రిపోర్టు చూసి చెబుతున్నాను."

మొదటి రోజు పది నిమిషాలు లాగితే 1500 మీటర్లు. అంటే 500 మీటర్లకి 3:20. ఒకప్పుడు ఒళ్లు వేడెక్కించుకోవడానికి కూడా అంత నెమ్మదిగా లాగలేదు. స్క్రీన్ చూడటానికే సిగ్గేసింది.

మూడో రోజో నాలుగో రోజో చేతి గడియారం ఉన్నట్టుండి 158 చూపించింది. హ్యాండిల్ వదిలేసి, మెడ దగ్గర వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాను. 108. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని మణికట్టు వంచినప్పుడల్లా గడియారం చర్మం మీద కదిలి, వెలుతురుతో కొలిచే ఆ సెన్సర్ తికమకపడుతుందట. ఆ అయిదు నిమిషాల టెన్షన్ పగవాడికి కూడా వద్దు. మర్నాడే ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ తెప్పించాను. కట్టుకునే ముందు దాని ప్యాడ్లు తడపాలి, లేకపోతే మొదటి నిమిషాల్లో అదీ పిచ్చి అంకెలే చూపిస్తుంది.

పల్స్‌ని ఒకచోట నిలపడం చెప్పినంత తేలిక కాదు. గట్టిగా లాగితే ఆ సంగతి పల్స్‌లో వెంటనే కనపడదు, అరనిమిషం తర్వాత తెలుస్తుంది. అంకె 118 చూసి తగ్గిస్తే 109కి పడేది. మళ్లీ పెంచితే మళ్లీ 119. అంకె వెంట పరిగెత్తడం మానేశాకే కుదిరింది. మెషిన్ చక్రంలోకి గాలి ఎంత వెళ్లాలో మార్చే డ్యాంపర్‌ని 3 మీద పెట్టి, నిమిషానికి 18 స్ట్రోకులే వేస్తూ, మొదటి ఆరు నిమిషాలు లెక్కలోకి తీసుకోకుండా పల్స్‌ని దాని మానాన ఎక్కనిచ్చేవాణ్ణి. ఆ తర్వాత అరగంట లెక్క. 115కి చేరితే కాళ్ల తోపు ఒక పిసరు తగ్గించడమే, ఇంకేమీ చేయకూడదు.

నోట్‌బుక్‌లో మాత్రం పాత అలవాటుని తిరగేశాను. ఇదివరకు వేగం ముందు అనుకుని, గుండె ఎంత కొట్టుకుంటే అంత అనుకునేవాణ్ణి. ఇప్పుడు పల్స్ కదలదు. దూరం ఎంత వస్తే అంత రాసుకోవడమే. నాలుగు వారాలకి అరగంటలో 5000 మీటర్లు వచ్చాయి, అంటే 500కి సరిగ్గా మూడు నిమిషాలు. ఇంకో రెండు నెలలకి 5265. అందులో మొదటి పావుగంట 2679, రెండోది 2586. ఒళ్లు వేడెక్కి, చెమట పోయే కొద్దీ అదే పనికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. పల్స్‌ని పెరగనివ్వకపోతే వేగమే తగ్గాలి. ఈ రెండు సగాల తేడాని నేను మొత్తం దూరం కన్నా జాగ్రత్తగా చూసేవాణ్ణి. నిద్ర చాలని రోజున, ఫ్యాన్ వేసుకోవడం మర్చిపోయిన రోజున అది రెట్టింపయ్యేది. ఒకసారి తేడా 200 దాటితే ఆపేసి లేచాను. సాయంత్రానికి జలుబు, జ్వరం. అది పూర్తిగా తగ్గేదాకా మెషిన్ జోలికి వెళ్లలేదు.

అంతా బాగుందనుకుంటుండగా ఒక వారం దూరం హఠాత్తుగా పడిపోయింది. 5265 నుంచి 4945కి. మర్నాడూ అంతే. మళ్లీ వాపు వచ్చిందని ఖాయం చేసేసుకున్నాను. రాత్రంతా ఛాతీ మీద చెయ్యి వేసుకునే పడుకున్నాను. పొద్దున్నే ఫోన్ చేస్తే, డాక్టర్ గారు ముందు నొప్పి, ఆయాసం, గుండె దడ ఉన్నాయా అని అడిగారు. ఏవీ లేవన్నాను. "మొన్న బీటా బ్లాకర్ మాత్ర సగానికి తగ్గించాం కదా" అన్నారు.

నిజమే. నేనే వారం కిందట సగం మాత్ర విరిచి వేసుకోవడం మొదలుపెట్టాను. కళ్లెం వదులైతే అదే పనికి పల్స్ ఎక్కువ కొట్టుకుంటుంది. కాబట్టి 115 దగ్గర దూరం తగ్గింది. గుండె చెడలేదు, కొలబద్ద మారింది. అంత శ్రద్ధగా మీటర్లు రాసుకున్న నేను, మాత్ర సంగతి ఒక్క ముక్క రాయలేదు. అయినా ఆయన నోటిమాటతో సరిపెట్టలేదు, ఈసీజీ, రక్తపరీక్ష చేయించారు. రెండూ మామూలుగానే ఉన్నాయి. పరిమితిని 122 చేశారు.

ఇప్పుడు ఆ పేజీలో అడ్డంగా ఒక గీత ఉంది. గీత కింద మాత్ర మోతాదు, కొత్త పల్స్, ఆ రోజు దూరం రాశాను. పైనున్న 5265ని అప్పుడప్పుడూ చూస్తుంటాను గానీ, దాంతో పోల్చుకోవడం లేదు.