ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ ప్రిపరేషన్: సిస్టమ్‌డీని ఐఓసీతో సాధన చేసిన అనుభవం

రెడ్‌హ్యాట్ లైనక్స్ అడ్మినిస్ట్రేటర్ పరీక్ష అయిన ఆర్‌హెచ్‌సీఎస్‌ఏకు సిద్ధమవుతున్న మిత్రులు సర్వీసుల సాధనకు ఎక్కువగా హెచ్‌టీటీపీడీ అనే వెబ్ సర్వర్‌ను ఎంచుకుంటారు. దాన్ని ఎలా నడపాలో సిస్టమ్‌డీకి (లైనక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రామ్‌కు) చెప్పే యూనిట్ ఫైలు ప్యాకేజీతోనే వస్తుంది కనుక ఎనేబుల్ కమాండ్ కొట్టడం తప్ప అక్కడ నేర్చుకునేది పెద్దగా ఉండదని నా అభిప్రాయం. కణ యాక్సిలరేటర్లలోనూ, ఫ్రాన్స్‌లో కడుతున్న ఫ్యూజన్ రియాక్టర్ ఐటర్‌లోనూ వాడే ఎపిక్స్ అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌ను నేను వర్చువల్ మెషీన్‌లో పెట్టుకొని, పరికరాలతో మాట్లాడే దాని ఐఓసీ ప్రోగ్రామ్ మెషీన్ బూట్ కాగానే దానంతట అదే మొదలయ్యేలా యూనిట్ ఫైలు రాస్తూ చదువుకున్నాను. సిలబస్‌లో ఎపిక్స్ లేదు. కానీ సర్వీసులు, జర్నల్ (సిస్టమ్‌డీ లాగ్), ఎస్‌ఈలైనక్స్ (ఫైళ్ల లేబుళ్లను బట్టి అనుమతులిచ్చే భద్రతా వ్యవస్థ) మూడూ ఈ ఒక్క పనిలోనే ఎదురవుతాయి.

ఐఓసీ మొండి ఘటం. టెర్మినల్‌లో నడిపితే ప్రాంప్ట్ ఇచ్చి బుద్ధిగా కూర్చుంటుంది. అదే కమాండ్‌ను యూనిట్ ఫైలులోని ఎగ్జెక్‌స్టార్ట్‌లో రాస్తే, సిస్టమ్‌డీ సర్వీసులకు స్టాండర్డ్ ఇన్‌పుట్‌గా ఎప్పుడూ ఖాళీగా ఉండే డెవ్‌నల్‌ను ఇస్తుంది కాబట్టి, ఇన్‌పుట్ అయిపోయిందని భావించి 0 కోడ్‌తో బయటికి వచ్చేస్తుంది. స్టేటస్‌లో ఫెయిల్డ్ అని కాక ఇనాక్టివ్ అని కనిపించడానికీ, రీస్టార్ట్‌కు ఆన్‌ఫెయిల్యూర్ అని రాసినా అది మళ్లీ లేవకపోవడానికీ కారణం ఇదే. ఈ చిక్కు తీర్చడానికే ఎపిక్స్ వాడేవారు ప్రాక్‌సర్వ్ అనే ప్రోగ్రామ్‌ను మధ్యలో పెడతారు. అది ఐఓసీకి ఒక సూడో టెర్మినల్ ఇచ్చి, కన్సోల్‌ను టెల్నెట్‌లో అందుబాటులో ఉంచుతుంది. అయితే అది మామూలుగా బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్లిపోతుంది. యూనిట్ ఫైలులో టైప్ సింపుల్ అయినప్పుడు ఫోర్‌గ్రౌండ్ ఆప్షన్ ఇవ్వకపోతే, మొదటి ప్రాసెస్ ముగియగానే సర్వీసే ముగిసిందని సిస్టమ్‌డీ మిగిలినవాటిని కూడా ఆపేస్తుంది.

రీస్టార్ట్ లెక్క కూడా గుర్తుంచుకోవాలి. డిఫాల్ట్‌గా రీస్టార్ట్‌సెక్ (మళ్లీ మొదలుపెట్టే ముందు ఆగే సమయం) 100 మిల్లీసెకన్లు, 10 సెకన్లలో 5 ప్రయత్నాలు పరిమితి. మొదలైన వెంటనే పడిపోయే ప్రోగ్రామ్ ఆ అయిదింటినీ కళ్లు మూసి తెరిచేలోగా ఖర్చు చేసి ఆగిపోతుంది. రీస్టార్ట్‌సెక్‌ను 5 సెకన్లు చేస్తే ఆ పరిమితిని తాకదు. నెట్‌వర్క్ విషయంలో ఆఫ్టర్ అన్నది వరుసను మాత్రమే నిర్ణయిస్తుంది, కాబట్టి నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్‌ను వాంట్స్‌లో కూడా రాయాలి.

ఎస్‌ఈలైనక్స్ దగ్గర ఎక్కువ సమయం పెట్టండి. హోమ్ డైరెక్టరీలో రాసిన స్టార్టప్ స్క్రిప్టును ఎంవీ కమాండ్‌తో యూఎస్‌ఆర్ లోకల్ బిన్‌లోకి తెస్తే పాత ఎస్‌ఈలైనక్స్ లేబుల్ వెంటే వస్తుంది. షెల్‌లో చక్కగా నడిచే ఆ స్క్రిప్టు సర్వీసుగా మాత్రం 203 ఎగ్జెక్ అని పడిపోతుంది. పర్మిషన్లు ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, లేబుల్‌ను సరిచేసే రిస్టోర్‌కాన్ ఒక్కసారి చాలు.

పరీక్షలో చేసిన మార్పులన్నీ రీబూట్ తర్వాత కూడా నిలవాలి. అందుకే యూనిట్ ఫైలు మార్చిన ప్రతిసారీ డెమన్ రీలోడ్ చేసి, వాంటెడ్‌బై వరుసలో మల్టీయూజర్ టార్గెట్ ఉందో లేదో చూసి, ఎనేబుల్ చేసి, మెషీన్‌ను రీబూట్ చేయండి. లాగిన్ అయ్యాక దేన్నీ చేత్తో స్టార్ట్ చేయకుండా ఈజ్ ఎనేబుల్డ్, ఈజ్ యాక్టివ్ చూసి, ఈ బూట్‌కు సంబంధించిన జర్నల్‌ను ఆ యూనిట్ వరకు చదివి, ఆ తర్వాతే తదుపరి ప్రశ్నకు వెళ్లండి.