చీకటి హాల్లో తరంగం ఫొటోలు: నా అనుభవం

కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద పాదాలు ఆన్చి ఆడుతుంది. ఒక్కోసారి తలమీద నీళ్ల చెంబు కూడా ఉంటుంది. అలాంటప్పుడు కళ్లలోకి ఫ్లాష్ కొడితే ప్రమాదం, అమర్యాద కూడా. అందుకే మా అక్క కూతురు రవీంద్రభారతిలో ఆడుతోందనగానే, వేదిక మీదున్న వెలుతురుతోనే తీయాలని అనుకున్నాను.

కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేస్తే దాని అపెర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) ఎఫ్/5.6కి మించి తెరుచుకోదు. ఈ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. ఎఫ్/1.8 లెన్స్‌లోకి దానికి దాదాపు పది రెట్ల వెలుతురు వస్తుంది. అలాంటి 85 ఎంఎం లెన్స్ ఒకటి అద్దెకు తెచ్చుకున్నాను. అపెర్చర్ అంత తెరిస్తే కన్ను ఫోకస్‌లో ఉండి చెవి పోతుందని చాలామంది భయం. దగ్గర నుంచి తీస్తే నిజమే. కానీ ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాతో ఎనిమిది మీటర్ల దూరం నుంచి, ఎఫ్/2లో కూడా సుమారు మీటరు లోతు వరకు స్పష్టంగా వస్తుంది.

మధ్యాహ్నం రిహార్సల్‌కి వెళ్లడంతో సగం టెన్షన్ తగ్గింది. వెనకంతా నల్ల తెర. ఆటోలో వదిలేస్తే కెమెరా ఆ నలుపును చూసి వెలుతురు పెంచేస్తుంది, ముఖం తెల్లగా పాలిపోతుంది. మాన్యువల్ పెట్టి, స్పాట్ మీటరింగ్‌తో ముఖం మీది వెలుతురును మాత్రమే కొలుచుకుంటే ఎఫ్/2, షట్టర్ వేగం 1/500 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 3200 సరిపోయాయి. సైలెంట్ షట్టర్ వాడితే ఎల్ఈడీ లైట్ల కింద అడ్డచారలు పడుతున్నాయి. మెకానికల్‌కి మారి, ఆ చప్పుడు మృదంగంలో కలిసిపోయేలా ఎక్కువగా జతుల్లోనే (లయ పలుకులకు పాదాలు ఆడించే భాగాల్లో) నొక్కాను.

తీసినవి పెద్దవి చేసి చూస్తే మసక ఎందుకొచ్చిందో తెలిసిపోతుంది. ఫొటో అంతా అదిరినట్టుంటే కెమెరా పట్టుకున్న చెయ్యి కదిలింది. ముఖం బాగుండి వేళ్లు మాత్రం చెరిగిపోతే షట్టర్ వేగం చాలలేదు. తెర మడతలు స్పష్టంగా ఉండి మనిషి మసకబారితే ఫోకస్ తప్పింది. మూడింటికీ మందులు వేరు. షట్టర్ వేగం కోసం ఐఎస్ఓ పెంచడానికి వెనకాడొద్దు. దానివల్ల వచ్చే గ్రెయిన్‌ను (సన్నని చుక్కలను) తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలి చెరిగిపోయిన నర్తకి చేతిని బాగుచేయలేం.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ సాయపడింది తాళం. తీర్మానంలో (జతి ముగింపు వరసలో) ‘తద్ధిగిణతోం’ మూడోసారి వచ్చాక, చివరి ‘తోం’ మీద నర్తకి ఒక్క క్షణం నిలుస్తుంది. ‘గిణ’ దగ్గరే బరస్ట్ (వరసగా ఫొటోలు తీయడం) మొదలుపెడితే ఆ నిలుపు దొరుకుతుంది. అభినయంలో కదలిక నెమ్మది కాబట్టి 1/200కి దిగి, ఐఎస్ఓ కూడా తగ్గించాను.

ఫొటోలు ఇచ్చేముందు గురువుగారికి చూపించాను. కనురెప్పలు లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చినదాన్ని ఆయన పక్కన పెట్టేశారు. “అరమండి ఇంకా కుదరలేదు నాయనా, ఇది బయటికి ఇవ్వకు” అన్నారు. అరమండి అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలిచే భంగిమ. కాస్త గ్రెయిన్ ఉన్నా భంగిమ నిండుగా కుదిరిన మరోదాన్ని ఎంచారు. మా అక్క అదే ప్రింట్ వేయించింది.