రాబోయే నవలల సమీక్ష: పన్నెండు వారాల లాగ్

మొదటి వారం

విడుదలకి ముందే సమీక్షకులకి పుస్తకాల ఈ-కాపీలు ఇచ్చే సైటు నెట్‌గ్యాలీలో తొమ్మిది రిక్వెస్టులు. నాలుగు ఒప్పుకున్నారు, మూడు కాదన్నారు, రెండింటికి జవాబు లేదు. అనుమతి అక్కర్లేని 'రీడ్ నౌ' పుస్తకాలు రెండు. మొత్తం చేతిలో ఆరు: రెండు లావుపాటి ఫాంటసీలు, ఒక అంతరిక్ష నవల, ఒక సీరీస్‌లో రెండో భాగం, రెండు నవెలాలు (నవల కన్నా చిన్నవి).

ఇక్కడ పరపతి అంతా ఫీడ్‌బ్యాక్ రేషియో మీదే. వచ్చిన పుస్తకాల్లో ఎన్నింటికి అభిప్రాయం పంపామన్న లెక్క అది. 80 శాతం ఉంటే మంచిదని సైటువాళ్ళే చెబుతారు. కాదన్నవీ జవాబు రానివీ లెక్కలోకి రావు. రీడ్ నౌ మాత్రం వస్తుంది. ఊరికే వస్తోంది కదా అని పది నొక్కితే పదీ నెత్తిమీద కూర్చుంటాయి. ఆరింటికి ఐదు రాస్తే 83, నాలుగే రాస్తే 67. అంటే ఒకటి జారినా ఫరవాలేదు, రెండోది జారకూడదు. ఈసారి చేసిన పొరపాటు తొమ్మిదీ ఒకే రోజు అడగడం. ఒప్పుకున్నవన్నీ ఒకే వారంలో వచ్చి పడ్డాయి. వారానికి రెండు చొప్పున అడిగుంటే సరిపోయేది.

కాదన్న మూడింట్లో రెండు అమెరికా ఎడిషన్లు. హైదరాబాద్ నుంచి అడిగినప్పుడు ఇది మామూలే. ప్రచురణ హక్కులు దేశాల వారీగా అమ్ముడవుతాయి, ఇండియాకి ఎక్కువగా వచ్చేది బ్రిటిష్ ఎడిషన్. కాబట్టి అదే నవలకి బ్రిటన్ ప్రచురణకర్త ఎవరో చూసుకుని అక్కడ అడగాలి. రెండు ఎడిషన్లకి ఐఎస్‌బీఎన్ వేరు, అట్ట వేరు, ఒక్కోసారి పేరే వేరు. నయోమీ నోవిక్ 2006 నాటి డ్రాగన్ నవల బ్రిటన్‌లో 'టెమెరేర్', అమెరికాలో 'హిజ్ మెజెస్టీస్ డ్రాగన్'. సమీక్షలో ఏ ఎడిషనో రాయకపోతే చదివినవాళ్ళు షాపులో వేరే పేరు అడిగి తిరిగొస్తారు.

రెండో వారం

టైము లెక్క. పేజీకి సుమారు 300 మాటలనుకుంటే 400 పేజీల నవల లక్షా ఇరవై వేల మాటలు. నిమిషానికి 250 చొప్పున చదివితే ఎనిమిది గంటలు. నోట్సు రాసుకుంటూ చదివితే పది. రోజుకి నలభై నిమిషాలు కేటాయిస్తే పదిహేను రోజులు. రెండు లక్షల మాటల ఫాంటసీ అయితే ఇదే లెక్కన పాతిక రోజులు. ఇలాంటివి రెండు ఒకే నెలలో విడుదలవుతుంటే రెండోది ఒప్పుకోకూడదు, ఎంత నోరూరినా సరే.

రేషియోని ఆదుకునేవి నవెలాలు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకి ఇచ్చే హ్యూగో అవార్డు నియమాల ప్రకారం 17,500 నుంచి 40,000 మాటల లోపుది నవెలా, ఆపైన నవల. ఎంత పెద్ద నవెలా అయినా చదవడానికి మూడు గంటలు పట్టదు. అందుకే ముందు ఆ రెండూ పూర్తి చేశాం. రెండో భాగం పుస్తకానికి మాత్రం మొదటి భాగం చదివే టైము కూడా కలపాలి. ఇది అందరూ మరిచిపోయే ఖర్చు.

మూడో వారం

ఫైళ్ళు. కిండిల్‌కి పంపే ముందు అమెజాన్ ఖాతాలోని 'అప్రూవ్డ్ పర్సనల్ డాక్యుమెంట్' జాబితాలో నెట్‌గ్యాలీ మెయిల్ అడ్రసు చేర్చాలి. చేర్చకపోతే ఫైలు దారిలోనే ఆగిపోతుంది. ఆర్కైవ్ తేదీ (పుస్తకాన్ని సైటులో పక్కకి తీసేసే రోజు) దాటితే డౌన్‌లోడ్ బటనే ఉండదు, కాబట్టి అనుమతి వచ్చిన రోజే దించుకోవాలి. అభిప్రాయం మాత్రం ఆ తర్వాత కూడా పంపొచ్చు.

ప్రూఫు కాపీల్లో (తుది దిద్దుబాటు కాకముందు మనకిచ్చేవి) వాక్యం మధ్యలో పేజీ నంబరో పుస్తకం పేరో దూరడం, అధ్యాయం మొదట్లో పెద్దక్షరం ఊడిపోవడం మామూలు. ఒక ఫాంటసీలో ఎఫ్, ఐ పక్కపక్కన వచ్చిన ప్రతిచోటా రెండూ మాయం. అచ్చులో ఆ జంటని ఒకే ముద్రగా కలిపేస్తారు. ఫైలు మార్చేటప్పుడు ఆ ముద్ర రాలిపోతుంది. 'ఫైర్' కాస్తా 'రీ' అయిపోతుంది, నిప్పుతో మంత్రాలు వేసే కథలో ఇది చిన్న ఇబ్బంది కాదు. ఇలాంటివి సమీక్షలో తప్పులుగా ఎత్తిచూపకూడదు. మ్యాపు లేకపోవడం కూడా అంతే, ఫైనల్ కాపీలో వస్తుంది. పీడీఎఫ్ కూడా ఇస్తే అందులో అక్షరాలు సాధారణంగా సరిగ్గానే ఉంటాయి, అనుమానం వచ్చినచోట అది తెరిచి చూసుకోవచ్చు.

నాలుగు నుంచి ఏడో వారం

పుస్తకానికి ఒక కార్డు. కార్డు మీద నాలుగే గళ్ళు: పేర్లు, ఆ లోకం నియమాలు, పాతిక శాతం దగ్గర కథ ఎక్కడుంది, అనుమానాలు.

అన్నిటికన్నా పనికొచ్చింది మూడోది. కథలో మొదటి పావు వంతు దాటాక జరిగేదేదీ సమీక్షలోకి రాకూడదన్నది గీత. పుస్తకం ఇంకా ఎవరి చేతికీ రాలేదు, గుట్టు విప్పితే పాఠకులు చేయగలిగిందేమీ లేదు. సరిగ్గా పాతిక శాతం దగ్గర ఆగి మూడు వాక్యాలు రాసి పెట్టుకుంటే సమీక్షలో కథా పరిచయం ముప్పాతిక వంతు తయారైనట్టే. పుస్తకం ముగించాక రాస్తే చివర్లో తెలిసింది మాటల్లోకి జారిపోతుంది, రాసేవాళ్ళకి తెలియను కూడా తెలియదు.

నియమాల గడిలో మంత్రానికి అయ్యే ఖర్చేమిటో, నౌక కాంతిని మించి ఎలా పోతుందో, పేజీ శాతంతో సహా రాయాలి. అంతరిక్ష నవలలో 12 శాతం దగ్గర నౌకల మధ్య కబురు చేరడానికి రోజులు పడుతుందన్నారు. 70 దాటాక ఒకరు తక్షణం జవాబు అందుకున్నారు. కార్డు లేకపోతే ఇది దొరికేది కాదు. అయినా ప్రూఫు కనక వెంటనే తప్పని రాయలేదు, అనుమానాల గడిలో పడేశాం.

పేర్ల గడి తెలుగులో రాసేవాళ్ళకే ఉన్న చిక్కు. ఇంగ్లీషు సమీక్షకులు అక్షరాలు కాపీ చేస్తే సరి. తెలుగులో సి అక్షరం క అవుతుందా స అవుతుందా, టీహెచ్ త-నా థ-నా ద-నా తేల్చాలి. ముందు పుస్తకం చివర ఉచ్చారణ పట్టిక ఉందేమో చూడాలి. లేకపోతే రచయిత ఇంటర్వ్యూలో పలికారేమో వెతకాలి. ఆడియోబుక్ శాంపిల్ వస్తే ఇంకా మేలు, కానీ అది తరచు విడుదల దగ్గరపడ్డాకే వస్తుంది. ఏదీ దొరకకపోతే ఒకటి ఖాయం చేసుకుని చివరిదాకా అదే రాయాలి.

ఎనిమిదో వారం

అంతరిక్ష నవల సమీక్ష మూడుసార్లు తిరగరాశాం. చిక్కంతా తెలుగు క్రియది. అందులో కోటకి నిప్పు పెట్టింది ఎవరన్నదే గుట్టు. ఆ మనిషి ఆడో మగో కూడా రచయిత సగం దాకా దాచారు. ఇంగ్లీషులో 'దే' అని నెట్టుకొచ్చారు. తెలుగులో మొదటి డ్రాఫ్టు వాక్యం ఇది: 'ముసుగు వేసుకున్న ఆగంతకుడు కోటకి నిప్పు పెట్టి పారిపోతాడు.' ఒక్క వాక్యంలో రెండుసార్లు గుట్టు రట్టు, నామవాచకంలో ఒకసారి, క్రియలో ఒకసారి. 'తను' అంటే లింగం తెలియదు కదా అనుకుంటాం, కానీ 'పారిపోతాడు', 'పారిపోతుంది' అనేసరికి తెలిసిపోతుంది.

రెండో డ్రాఫ్టు 'పారిపోతారు'. గౌరవ బహువచనం దాచగలదు గానీ కోట తగలబెట్టినవాళ్ళకి మర్యాద చేస్తున్నట్టుంటుంది, పైగా ఒకరా పదిమందా అన్న సందేహం. మూడోది నిలబడింది: 'కోటకి నిప్పు పెట్టి పారిపోయిన ముసుగు మనిషి కోసం వేటే ఈ కథ.' 'పారిపోయిన', 'పెట్టిన' లాంటి విశేషణ రూపాల్లో లింగం ఉండదు. 'నిప్పు పెట్టడం', 'దొరక్కపోవడం' కూడా పనికొస్తాయి. ఇలాంటి పుస్తకం రాగానే కార్డు పైన ఎర్ర సిరాతో 'డు/ది జాగ్రత్త' అని రాస్తున్నాం.

ఇదే చిక్కు తిరగబడి కూడా వస్తుంది. యాన్ లెకీ 'యాన్సిలరీ జస్టిస్' (2013) లో కథ చెప్పేది ఒకప్పుడు ఒక నౌకకి మనసుగా ఉన్న పాత్ర. అందరినీ 'షీ' అనే అంటుంది. తెలుగులో ఆడమనిషైనా నౌకైనా 'వచ్చింది' అనే అంటాం. అంటే ఇంగ్లీషు పాఠకుల్ని తడబెట్టే చోట మన క్రియ నున్నగా జారిపోతుంది. బహువచనంలోనే తేడా: ఆడవాళ్ళు వచ్చారు, నౌకలు వచ్చాయి. అలాంటి నవలకి సమీక్షలో సర్వనామాల సంగతి విడిగా ఒక వాక్యం పెట్టి చెప్పక తప్పదు.

పదో వారం

తేదీలు. అమెరికాలో కొత్త పుస్తకాలు సాధారణంగా మంగళవారం, బ్రిటన్‌లో గురువారం వస్తాయి. న్యూయార్క్ అర్ధరాత్రి మనకి వేసవిలో ఉదయం 9:30, చలికాలంలో 10:30. లండన్ అర్ధరాత్రి అయితే 4:30 లేదా 5:30. పాఠకుల సమీక్షల సైటు గుడ్‌రీడ్స్‌లో విడుదలకి ముందే రాయొచ్చు, అమెజాన్‌లో విడుదలయ్యాకే. ప్రచురణ సంస్థ ఫలానా తేదీ దాకా బయట పెట్టొద్దంటే ఆ తేదీయే చెల్లుతుంది, పుస్తకం పేజీలోనే ఉంటుంది, చూసుకోవాలి. పుస్తకం ఉచితంగా వచ్చిందన్న వాక్యం సమీక్ష చివర కాకుండా మొదట్లోనే పెడుతున్నాం.

ప్రూఫు లోంచి వాక్యాలు ఎత్తిరాయకూడదు. విడుదలయ్యాక శాంపిల్ దించుకుని సరిపోల్చాకే కొటేషన్. శాంపిల్లో మొదటి అధ్యాయాలే ఉంటాయి కాబట్టి ఎత్తిరాయాలనుకున్న వాక్యం అక్కడే వెతుక్కోవడం తెలివి.

పన్నెండో వారం

ఐదు పంపాం, 83 శాతం. మిగిలింది రెండో లావు ఫాంటసీ, 38 శాతం దగ్గర ఆగింది. అక్కడికే ఆపేస్తే నక్షత్రాల రేటింగు లేకుండా, ఎక్కడ ఎందుకు ఆపామో ప్రచురణకర్తకి నాలుగు లైన్లు పంపొచ్చు, సైటు దాన్నీ అభిప్రాయంగానే తీసుకుంటుంది. కానీ దాని విడుదలకి ఇంకా మూడు వారాలుంది, రోజుకి నలభై నిమిషాల చొప్పున పదహారు రోజుల పని. అంతరిక్ష నవల అచ్చు కాపీ గురువారం వస్తుంది. రాగానే ముందు తెరవాల్సింది ఆ తక్షణ జవాబు పేజీ. అక్కడ మార్చి ఉంటే సమీక్షలో ఆ అనుమానం రాసిన ఆరో పేరా తీసేయాలి.