రాయగడలో మా క్రొమటోగ్రఫీ సంఘం: రిజిస్ట్రేషన్ నుంచి రిపేరు గంట దాకా

క్రొమటోగ్రఫీ అంటే కలిసిపోయిన పదార్థాలని విడదీసి చూసే పద్ధతి. ఒడిశాలోని రాయగడ చుట్టుపక్కల ల్యాబుల్లో ఆ పని చేసే జీసీ (గ్యాస్‌తో నడిచే మిషను) గానీ హెచ్‌పీఎల్‌సీ (ద్రవంతో నడిచేది) గానీ మొరాయిస్తే సర్వీసు ఇంజనీరు విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో రావాలి. విశాఖ దూరమేమీ కాదు, పార్వతీపురం మీదుగా రైలెక్కితే పూటలో వచ్చేయొచ్చు. కాకపోతే ఆయన డైరీలో ముందు పరవాడ, పైడిభీమవరం ఫార్మా కంపెనీలుంటాయి, ఆ తర్వాతే మనం. ఈలోగా ఇక్కడ శాంపిళ్లు ఫ్రిజ్‌లో పేరుకుపోతాయి, పైవాళ్లు రిపోర్టేదని అడుగుతుంటారు. అందుకే ఒక ల్యాబువాడు ఇంకో ల్యాబుకి ఫోన్ చేసి "మీ దగ్గర ఇలా అయిందా?" అని అడగడం మాకు మొదట్నుంచీ అలవాటు. కాగితం మిల్లు ల్యాబులో నేను, దామన్‌జోడి అల్యూమినా రిఫైనరీ వైపు నుంచి ఒకరిద్దరు, గుణుపురం, పర్లాకిమిడి కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు, మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం వైపు ట్రాన్స్‌ఫార్మర్ నూనె పరీక్షలు చూసే ఒకాయన. సగానికి పైగా తెలుగువాళ్లం, మిగతావాళ్లు ఒడియావాళ్లు. ఫోన్లు కాస్తా నెలకోసారి కలుసుకోవడం దాకా వచ్చాయి.

కలుసుకోవడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. డబ్బు దగ్గరే చిక్కు వచ్చింది. ఒక కాలమ్‌ల (మిషనులో శాంపిలు విడిపోయే గొట్టాల) కంపెనీ మా మీటింగుకి భోజనాల ఖర్చు పెట్టుకుంటానంది. చెక్కు ఎవరి పేరు మీద రాయాలి? నా పేరు మీద రాస్తే రేపు మా మిల్లు విజిలెన్సుకి నేను సంజాయిషీ ఇచ్చుకోవాలి. సంఘం పేరు మీద ఖాతా తెరవాలంటే బ్యాంకుకి పాన్ కావాలి, పాన్‌కి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కావాలి. సరే, పద్ధతిగానే పెడదామనుకున్నాం. బ్రిటన్‌లో ఇప్పుడున్న క్రొమటోగ్రాఫిక్ సొసైటీ కూడా 1956లో గ్యాస్ క్రొమటోగ్రఫీ డిస్కషన్ గ్రూపుగా మొదలైందే. జేమ్స్, మార్టిన్ అనే శాస్త్రవేత్తలు గ్యాస్-లిక్విడ్ క్రొమటోగ్రఫీ పద్ధతిని 1952లో బయటపెట్టాక, నాలుగేళ్లకే జనం గుంపు కట్టారన్నమాట. అందరికీ ఒకే మిషను తలనొప్పి అయినప్పుడు గుంపు దానంతటదే పుడుతుంది.

చట్టం పాతది, 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. ఈ గంజాం, కోరాపుట్ సీమలు మద్రాసు నుంచి ఒడిశాలో కలిసింది 1936లో. ఏ పాలనలో ఉన్నా చట్టం అదే. కనీసం ఏడుగురు సంతకం పెట్టాలి. సంఘం పేరు, ఆశయాలు, పాలకవర్గం పేర్లు, చిరునామాలు, వృత్తులతో మెమొరాండం ఒకటి. దాంతో పాటు నియమావళి, దాని మీద పాలకవర్గంలో కనీసం ముగ్గురి ధ్రువీకరణ. సైన్సు ప్రచారానికి పెట్టుకునే సంఘాలకి ఆ చట్టంలోనే చోటుంది కాబట్టి ఆశయాల దగ్గర ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా పేర్ల దగ్గర.

మనవాళ్ల పేర్లు తెలుసుగా. మా కోశాధికారికి ఆధార్‌లో ఇంటిపేరు ముందు, ఓటరు కార్డులో వెనక, పాన్‌లో ఇంటిపేరుకి బదులు పొడి అక్షరం. ఓటరు కార్డు ఒడియా నుంచి ఇంగ్లీషులోకి ఎక్కేటప్పుడు 'రావు' కాస్తా 'రాఓ' అయి కూర్చుంది. కౌంటరు దగ్గర గుమస్తా ఒడియా ఆయనే గానీ తెలుగు చక్కగా మాట్లాడతాడు. మూడు కార్డులూ పక్కపక్కన పెట్టుకుని చూసి, "ఆజ్ఞా (అంటే అయ్యా), ఈ ముగ్గురూ ఒక్కరేనని నేనొప్పుకుంటాను, ఫైలు ఒప్పుకోదు" అన్నాడు. నోటరీ దగ్గర అఫిడవిట్లు చేయించాం. మాలో ఉన్న ఒడియా సభ్యులకి ఈ బాధ లేకపోయింది. వాళ్లు టీ తాగుతూ మమ్మల్ని చూసి నవ్వుకున్నారు.

రెండో ముడి మా యజమానుల వైపు నుంచి. ఉద్యోగులం కాబట్టి ఎవరి కంపెనీ నుంచి వాళ్లు అనుమతి ఉత్తరం తెచ్చుకుంటే మంచిదనుకున్నాం. ఒక కంపెనీ హెచ్ఆర్‌లో మేమేదో యూనియన్ పెడుతున్నామనుకుని ఉత్తరం ఆపేశారు. నియమావళిలో జీతభత్యాలూ సర్వీసు విషయాలూ ఈ సంఘం పట్టించుకోదని ఒక వాక్యం చేర్చి, ఆ పేజీ చూపించాకే కదిలింది. అప్పుడే ఇంకో మాట కూడా రాసుకున్నాం: ఎవరి కంపెనీ డేటా వాళ్లదే. మీటింగుకి తెచ్చే క్రొమటోగ్రామ్ (మిషను గీసిచ్చే గ్రాఫు) మీద కంపెనీ పేరు, ప్రోడక్టు పేరు, బ్యాచ్ నంబరు చెరిపేసి తేవాలి. ఈ రెండో వాక్యమే సంఘాన్ని నిలబెట్టిందని నా నమ్మకం. అది లేకపోతే మిల్లువాడు గానీ ఫార్మావాడు గానీ నోరు విప్పడు.

మీటింగులు ఎలా జరగాలన్న దాని మీద మాలో రెండు పక్షాలుండేవి. పెద్ద ప్రొఫెసర్లని పిలుద్దామని కాలేజీవాళ్లు, మా మిషన్ల సంగతి మాట్లాడుకుందామని ఫ్యాక్టరీవాళ్లు. ప్రసంగాలు మంచివే. కానీ వక్త ఎవరైనా 1900ల తొలినాళ్లలో క్రొమటోగ్రఫీకి ఆద్యుడైన ట్స్వెట్ గాజు గొట్టంలో సుద్దపొడి నింపి ఆకుల రంగులు విడదీసిన కథ దగ్గరే మొదలెడతాడు, అక్కణ్ణుంచి మార్టిన్, సింజ్‌లకి 1952లో నోబెల్ వచ్చేసరికి అరగంట గడుస్తుంది. సీ-షిఫ్టు (రాత్రి డ్యూటీ) చేసి నిద్ర లేకుండా వచ్చిన అనలిస్టు అప్పటికే తూగుతుంటాడు. వక్తలకి ముందే చెప్పేస్తున్నాం, ట్స్వెట్‌కి ఒక్క స్లైడే అని. మిగతా సమయం రిపేరు గంటకి.

రిపేరు గంట అంటే ఎవరి బాధ వాళ్లు ప్రింటు తీసుకొచ్చి టేబులు మీద పెట్టడం. ఒకసారి ఫార్మసీ కాలేజీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. హెచ్‌పీఎల్‌సీలో ప్రెషరు రోజురోజుకీ పెరుగుతోంది, కొత్త సీ18 కాలమ్ పెట్టినా అదే వరస. మా రిటైరైన పెద్ద కెమిస్టు గారు కాగితం వైపు చూడనే లేదు.

"అమ్మాయ్, పని అయ్యాక లైన్లో ఏం తోస్తావు?"

"అసిటోనైట్రైల్ సార్, నూటికి నూరు శాతం."

"పొద్దుటి నుంచీ నడిపిందేటి?"

"ఫాస్ఫేట్ బఫర్."

"మరి మధ్యలో?"

"మధ్యలో ఏం లేదు సార్."

ఆయన రెండు గాజు గ్లాసులు తెప్పించారు. ఒకదాంట్లో ఆమె వాడే బఫర్ (ఉప్పు కరిగిన నీళ్లు), రెండోదాంట్లో అసిటోనైట్రైల్ అనే ఆర్గానిక్ ద్రావణి. బఫర్ కొంచెం కొంచెంగా రెండో గ్లాసులోకి ఒంపారు. గ్లాసు మసకబారి, కాసేపటికి అడుగున తెల్లటి పొడి దిగింది. అదే ఉప్పు ఆమె పంపు సీళ్లలోనూ కాలమ్ మొదట్లో ఫ్రిట్ అనే జల్లెడలోనూ చేరుతోంది. ముందు ఉప్పు లేని నీళ్లలో పది శాతం దాకా ఆర్గానిక్ కలిపి బాగా కడిగి, ఆ తర్వాతే అసిటోనైట్రైల్‌కి వెళ్లమన్నారు. ఇది ఏ పుస్తకంలోనైనా ఉండే విషయమే. కానీ ఆ గ్లాసు చూశాక ఆ రోజు అక్కడున్న విద్యార్థులెవరూ అది మర్చిపోరు.

ఎండాకాలంలో వచ్చే ఫిర్యాదు వేరు. పొద్దున ఎనిమిది నిమిషాలకి వచ్చే పీకు (గ్రాఫులో ఒక్కో పదార్థానికీ లేచే శిఖరం) మధ్యాహ్నానికి ముందుకి జరుగుతుంది. కాలమ్ వేడిని ఒకేలా ఉంచే ఓవెన్ లేని పాత మిషన్లలో గది వేడే కాలమ్ వేడి. డిగ్రీకి ఒకటి రెండు శాతం చొప్పున పీకు ముందుకొస్తుందని మోటుగా లెక్క. ఏసీ ఆగిన గదిలో పది డిగ్రీలు పెరిగితే ఎంతో చూసుకోండి. దీనికి చర్చ ఏమీ ఉండదు, ఓవెన్ కొనమని మేనేజ్‌మెంటుకి ఉత్తరం ఎలా రాయాలన్నదే చర్చ.

నాకు బాగా నచ్చింది ట్రాన్స్‌ఫార్మర్ నూనె ఆయన చెప్పిన రోజు. మాచ్‌ఖండ్ అంటే మా అందరికీ డుడుమా జలపాతం, రెండు రాష్ట్రాల ఉమ్మడి కరెంటు. అక్కడి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల ఆరోగ్యం జీసీ చెబుతుందని మాలో చాలామందికి తెలియదు. లోపల ఎక్కడైనా వేడెక్కినా, నిప్పురవ్వ ఆడినా నూనె విరిగి వాయువులు పుట్టి అందులోనే కరిగి ఉంటాయి. హైడ్రోజన్ ఎక్కువుంటే చిన్న చిన్న డిశ్చార్జీలు, ఇథిలీన్ పెరిగితే నూనె బాగా కాగుతోందని, కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే తీగ చుట్టల మీది కాగితం మాడుతోందని అనుమానించాలి. ఎసిటిలీన్ కనబడితే మాత్రం లోపల ఆర్క్ కొడుతున్నట్టే, రాత్రనకా పగలనకా ఫోన్ చేయాల్సిందే. ఆయన తెచ్చిన గాజు సిరంజి చేతులు మారింది. నూనె తీసేటప్పుడు అందులో చిన్న గాలి బుడగ మిగిలినా హైడ్రోజన్ ముందు అందులోకి జారుకుంటుందట, ఫలితం తక్కువ చూపిస్తుందట. "మిషను దగ్గర తప్పు వెతక్కండి బాబూ, ముందు సిరంజి చూడండి" అన్నారు. ఆ మాట వినగానే రిఫైనరీ కుర్రాడు లేచాడు. వాళ్లు బేయర్ లిక్కరులో (బాక్సైట్ నుంచి అల్యూమినా తీసే కాస్టిక్ ద్రవంలో) ఆక్సలేట్‌ని అయాన్ క్రొమటోగ్రఫీలో చూస్తారు. కాస్టిక్ అంత ఘాటుగా ఉన్న ద్రవాన్ని బాగా పలచన చేయకుండా ఎక్కిస్తే కాలమ్ పని సరి. వాళ్ల దగ్గరా గొడవంతా పైపెట్ పట్టుకునే చేతి దగ్గరేనట.

బరంపురంలో పెట్టిన మీటింగుకి జనం బాగా వచ్చారు. విషయం మొగలిపువ్వు అత్తరు. గంజాం తీరంలో మొగలి పొదలు, రాగి డేగుల్లో (అత్తరు దించే పాత్రల్లో) పువ్వు కాచే బట్టీలు మనవాళ్లకి కొత్త కాదు. మగ పువ్వుకే ఆ వాసన. జీసీలో దాని నూనె పెడితే 2-ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే పీకు అన్నిటికన్నా పెద్దగా లేస్తుంది, దాని తర్వాత టెర్పినెన్-4-ఆల్, ఆ వెనక చిన్నాచితకా పీకులు బోలెడు. ఆ పెద్ద పీకు పదార్థం బజార్లో సింథటిక్‌గా దొరుకుతుంది. అది కలిపిన నూనెలో పెద్ద పీకు ఇంకా పెద్దదై, తోడుండాల్సిన చిన్న పీకులు కుంగిపోతాయి. బట్టీ నడిపే పెద్దాయన ఒకరు వచ్చి కూర్చున్నారు. మేం స్క్రీన్ మీద చూపించే లోపే దూది మీద వేసిన శాంపిలు వాసన చూసి "ఇది పువ్వు కాదు" అని పక్కన పెట్టేశారు. ఆయన మాటా మా క్రొమటోగ్రామూ ఒకటే చెప్పాయి. ఆయనకి కావలసింది ఇంకొకటి: ఆ కాగితం పట్టుకుని అత్తర్ల ఊరు కన్నౌజ్ వ్యాపారి దగ్గర ధర అడగొచ్చా అని. మా సంఘం సర్టిఫికెట్లిచ్చే ల్యాబు కాదని చెప్పాల్సి వచ్చింది. చెప్పడం కష్టంగానే అనిపించింది.

కంపెనీల సంగతి. అమ్మేవాళ్లు వస్తారు, రావాలి కూడా, లేకపోతే భోజనాలుండవు. ఇరవై నిమిషాలిస్తాం. ధర గురించి వేదిక మీద మాట్లాడకూడదు. మాట్లాడిన తర్వాత రిపేరు గంట అయ్యేదాకా కూర్చోవాలి. ఈ చివరి షరతు విని ఒకరిద్దరు మళ్లీ రాలేదు. వచ్చినవాళ్లు మాత్రం తమ ఇంజనీర్లని కూడా తీసుకొస్తున్నారు.

ఇక కాగితాల పని. సభ్యత్వం ఏడాదికి 500, విద్యార్థులకి 100. ఖాతాకి ఇద్దరి సంతకాలు. వార్షిక సమావేశం జరిగాక 14 రోజుల్లోపు పాలకవర్గం జాబితా రిజిస్ట్రారుకి దాఖలు చేయాలని అదే 1860 చట్టం చెబుతుంది. కొత్త సంఘాలు ముందు మర్చిపోయేది ఇదే. మేం సమావేశం రోజునే సంతకాలు పెట్టించుకుని మర్నాడే ఇచ్చేస్తాం. ఆడిట్ లెక్క రాయడానికి భోజనం హోటలు జీఎస్టీ బిల్లు కావాలి. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర మెస్సువాళ్ల వంట బ్రహ్మాండంగా ఉంటుంది, బిల్లు మాత్రం ఉండదు. కోశాధికారికీ భోజనప్రియులకీ ప్రతిసారీ తగువు ఇక్కడే.

కార్యదర్శి ఎవరైనా వరసగా రెండు విడతలకి మించి ఉండకూడదని నియమావళిలో రాసుకున్నాం. నా రెండు విడతలూ అయిపోయాయి. మొన్నటి సమావేశంలో ఆ గ్లాసులో ఉప్పు చూసిన అమ్మాయి పేరు చెప్పాను, ఇప్పుడామె అదే కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది: భోజనాల తగువు తన దాకా తీసుకురాకూడదట. మినిట్స్ పుస్తకంలో అది కూడా రాసి సంతకాలు చేశాం.