ఫ్యాన్ తిరుగుతూనే ఉంది

ఈ రోజంతా విజయవాడ ఆటోనగర్‌లోనే గడిచిపోయింది. సెలవుల్లో చేద్దామనుకున్న పనులన్నీ అలాగే ఉన్నాయి. అయినా నాన్న మారుతి 800 కారు వేడెక్కడం మానేసింది కాబట్టి పెద్దగా బాధ లేదు.

కొన్నాళ్ళుగా దీని వరస ఒకటే. హైవే ఎక్కి ఏలూరు వైపు ఎంత దూరం పోయినా టెంపరేచర్ ముల్లు మధ్యలోంచి కదలదు. తిరిగొచ్చి రామవరప్పాడు రింగు దగ్గర లారీల మధ్య ఇరుక్కున్నామా, ముల్లు పైకి పాకడం మొదలెడుతుంది. ఇక నా ధ్యాసంతా దాని మీదే. నాన్న మాత్రం నిమ్మళంగా నీళ్ళ సీసా తీసి "పక్కకి ఆపమ్మా, నీళ్ళు కొడదాం" అంటారు. మా ఇద్దరికీ గొడవ అక్కడే. వేడి మీద రేడియేటర్ మూత తీయనివ్వను. ఆ మూత లోపల ఒత్తిడిని ఆపి ఉంచుతుంది కాబట్టే నీళ్ళు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తిప్పగానే ఒత్తిడి పోతుంది, ఆ నీళ్ళు ఒక్కసారిగా మరిగి ఆవిరితో సహా మొహం మీదికి కొడతాయి. ఇంజిన్ ఆపేసి, బానెట్ ఎత్తి, అరగంట చెట్టు కింద నిలబడడం నయం. రోహిణి కార్తెలో చెట్టు దొరికితే.

మా కాలనీ చివర షాపులో చూపిస్తే బానెట్ ఎత్తకుండానే తేల్చేశారు. "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్, హెడ్ దించాల్సిందే." ఇంజిన్ పై భాగమైన హెడ్‌కీ కింది దిమ్మకీ మధ్య, నీళ్ళూ ఆయిలూ కలవకుండా ఆపే పొర అది. ఆ ముక్కతో బావగారు "అమ్మేయండి మావయ్యా" అని మళ్ళీ మొదలెట్టారు. 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మోడల్‌ని ఇంకా తిప్పడమేంటని ఆయన వాదన. నాన్న చెవిన వేసుకోలేదు.

ఆటోనగర్ మేస్త్రీ నాన్న దగ్గర చదువుకున్నవాడేమీ కాదు, అయినా మాస్టారనే పిలుస్తాడు. ఆయన కూడా బానెట్ ఎత్తలేదు. ముందు నన్ను అడిగాడు: "వేడెక్కేది పరిగెత్తేటప్పుడా అమ్మా, నిలబడినప్పుడా?"

నిలబడినప్పుడే అన్నాను.

"పరిగెత్తేటప్పుడైతే నీళ్ళ దారి చూడాలి. రేడియేటరో, వాటర్ పంపో. నిలబడినప్పుడైతే గాలి దారి. అరవైలో పోతుంటే గాలి దానంతటదే వచ్చి కొడుతుంది, ఫ్యాన్‌తో పనేం లేదు. ఆగితేనే దాని అవసరం."

ఇంత చిన్న విషయం ఇన్నాళ్ళూ మమ్మల్ని ఎవరూ ఎందుకు అడగలేదో. గ్యాస్కెట్ మాట చెబితే నవ్వి, ఆయిల్ పోసే చోట మూత తీసి చూపించాడు. ఆయిల్‌లో నీళ్ళు కలిసుంటే అది పాలు పోసిన టీ రంగులోకి మారుతుందట. మాది నల్లగా, శుభ్రంగానే ఉంది. ఇంజిన్ చల్లారాక రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించాడు. గ్యాస్కెట్ పోతే అక్కడ బుడగలు ఆగకుండా తన్నుకొస్తాయి. ఒక్కటీ రాలేదు. హెడ్ దించే ఖర్చు అక్కడితో తప్పింది.

"ఫ్యాన్ కూడా బానే తిరుగుతోందయ్యా" అన్నారు నాన్న. నిజమే, తాళం తిప్పగానే తిరుగుతుంది, బండి ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది. అందుకే దాన్ని ఎవరూ అనుమానించలేదు.

మేస్త్రీ బల్ల మీది పాత పేపర్లోంచి ఒక షీటు చింపి, ముందు వైపు నుంచి రేడియేటర్‌కి ఆనించి చెయ్యి తీసేశాడు. ఫ్యాన్ వెనకనుంచి గాలి లాగుతుంటే కాగితం అంటుకుని నిలబడాలి. మాది ఒక అంచు కాస్త రెపరెపలాడి, జారి కింద పడింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడింది. రెక్కలు తిరుగుతున్నాయి, గాలి మాత్రం రావడం లేదు.

మోటారు ఊడదీసి విప్పితే లోపలంతా నల్లటి పొడి. మోటారు లోపలికి కరెంటు అందించే కార్బన్లు అరిగిపోయి చిటికెన వేలి గోరంత మందం కూడా లేవు. అంతలా ఎందుకరిగాయో కూడా అక్కడే తెలిసింది. రేడియేటర్‌కి ఉన్న ఫ్యాన్ స్విచ్ వైర్లు రెండూ ఎవరో కత్తిరించి, ఒకదానికొకటి ముడేసి టేపు చుట్టేశారు. దీన్నే ఫ్యాన్ డైరెక్ట్ చేయడం అంటారు. మామూలుగా నీళ్ళు బాగా వేడెక్కాకే ఆ స్విచ్ ఫ్యాన్‌ని లేపుతుంది, చల్లబడగానే ఆపేస్తుంది. డైరెక్ట్ చేశాక సంక్రాంతి చలిలో పొద్దున్నే తీసినా, హైవే మీద గాలి హోరున కొడుతున్నా అది తిరగాల్సిందే. స్విచ్ మార్చే ఖర్చు మిగల్చబోయి మోటారుని తినేశారన్నమాట.

థర్మోస్టాట్ వాల్వు సంగతీ అంతే. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపేది అదే. దాని గూడు విప్పితే ఖాళీ! "మన ఎండలకి వాల్వు ఎందుకు" అని తీసి పారేయడం చాలామందికి అలవాటు. నాకు ఆ మాటే నచ్చదు. ఇంజిన్ ఎంత వేడిలో పనిచేయాలో లెక్కగట్టి తయారుచేస్తారు. వాల్వు లేకపోతే అది వేడెక్కడానికి చాలా సేపు పడుతుంది, అప్పటిదాకా పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పైగా ట్రాఫిక్‌లో వేడెక్కడం దీనివల్ల తగ్గేదీ లేదు, నీళ్ళని చల్లార్చే గాలి ఉండాలి కదా. కొత్త వాల్వు తెప్పించాక, బిగించే ముందు మేస్త్రీ ఎదురుగా ఉన్న టీ కొట్టు నుంచి మరుగుతున్న నీళ్ళు తెప్పించి గిన్నెలో వేసి చూపించాడు. దాని మీద 82 అని అచ్చు ఉంది, అంటే 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలెట్టాలి. కాసేపు ఏమీ లేదు. తర్వాత మధ్యలో రేకు మెల్లగా, నలకంత సందు ఇస్తూ లేచింది, చూస్తుండగానే పూర్తిగా తెరుచుకుంది. పట్టకారుతో పైకి తీసి గాలికి పట్టుకుంటే మళ్ళీ మూసుకుంది. కరెంటు లేదు, వైరు లేదు. లోపల ఉన్న మైనం వేడికి ఉబ్బి నెడుతుంది, అంతే.

రేడియేటర్‌లోంచి దింపిన నీళ్ళు ఇటుక రంగులో ఉన్నాయి. ఏళ్ళ తరబడి నాన్న పోసిన బోరు నీళ్ళ పుణ్యమా అని గొట్టాల్లో తెల్లగా ఉప్పు పేరుకుంది. వెనక వీధిలో రేడియేటర్ వాళ్ళు పైన ట్యాంకు విప్పి, సన్నటి బద్దలతో ఒక్కో గొట్టం పొడిచి శుభ్రం చేసి, మళ్ళీ అతికి ఇచ్చారు. ఇది పాతకాలం రాగి రేడియేటర్ కాబట్టి ఇలా విప్పి అతకడం కుదిరింది.

కొత్త మోటారు, స్విచ్ బిగించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోశాక లోపల చిక్కుకున్న గాలి పోవాలని హీటర్ పూర్తిగా తిప్పి నన్ను లోపల కూర్చోబెట్టాడు. మే నెలాఖరు మధ్యాహ్నం, ఏసీ లేని కారులో, హీటర్ వేసుకుని. ఇంతకంటే చెప్పను.

ముల్లు మధ్యకి వచ్చింది. ఫ్యాన్ కదలదే! నాన్న లేచి నిలబడ్డారు. ముల్లు ఇంకో వెంట్రుకవాసి జరిగిందో లేదో, ఠక్కుమని ఫ్యాన్ అందుకుంది. మేస్త్రీ కాగితం పెడితే అతికించినట్టు నిలబడిపోయింది. కాసేపటికి ఫ్యాన్ ఆగింది, కాగితం జారింది.

"ఆగిపోయిందేంటయ్యా?" నాన్న గొంతులో కంగారు.

"ఆగాలి మాస్టారూ. ఇన్నాళ్ళూ ఆగకపోవడమే రోగం."

మోటారు, స్విచ్, వాల్వు, కూలెంట్, కూలీ అన్నీ కలిపి నాలుగు వేల చిల్లర అయింది. వచ్చేటప్పుడు కావాలనే బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కకుండా కింద సిగ్నల్స్‌లోంచి తెచ్చాను. ముల్లు మధ్య దాటలేదు.

రేపు పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రిజర్వాయర్ బాటిల్‌లో మట్టం చూడమన్నాడు. గాలి ఇంకా మిగిలుంటే తగ్గుతుందట. తగ్గితే కూలెంటే పోయాలని నాన్నకి గట్టిగా చెప్పాను. మిగిలిన డబ్బా మెట్ల కింద పెట్టబోయి మళ్ళీ తెచ్చి అటక మీద పెట్టాను. ఆ కూలెంట్ రుచికి తియ్యగా ఉంటుంది, తాగితే మాత్రం విషం. సెలవులకి అక్క పిల్లలిద్దరూ రేపే దిగుతున్నారు.